భోజనపు బల్ల: ఆధునిక వాస్తుశిల్పుల రూపకల్పన

పలువురు చుట్టును కూర్చుండి భుజించుటకు అనువుగా, కూర్చున్నవారి మోచేతి యెత్తునకు ఇంచుమించు సమానముగా, కాళ్ళపైననో స్తంభముపైననో నిలిపిన సమతలమునకు భోజనపు బల్ల యని పేరు; తెలుగునాట నేడు డైనింగ్ టేబుల్ అను మాటయే వాడుకలో హెచ్చు. తరతరములుగా వడ్రంగులు చేయుచు వచ్చిన ఈ గృహోపకరణమును ఇరువదవ శతాబ్దమున పలువురు ప్రసిద్ధ వాస్తుశిల్పులు తమ విచారణకు విషయముగా గ్రహించి, భవనమునకు వర్తించు న్యాయమునే దానికిని వర్తింపజేసి, అలంకారమాత్రమైన చెక్కడమును తొలగించి, పదార్థముయొక్క స్వభావమును, భారము నేలను చేరు మార్గమును కంటికి తెలియునట్లు నిర్మించిరి. సుమారు 1910 మొదలుకొని 1970 వరకు వెలువడిన అట్టి బల్లలు ఇప్పుడు వస్తుప్రదర్శనశాలలలోను, సంగ్రాహకుల యిండ్లలోను అపురూపవస్తువులుగా భద్రపరుపబడుచున్నవి.

వాస్తుశిల్పులకు బల్లపై ఇంత మక్కువ కలుగుటకు కారణము దాని నిర్మాణసమస్యలోనే ఉన్నది. వెడల్పైన పలకను కొద్దిపాటి ఆధారములపై నిలుపవలెను. క్రింద మనుష్యుల మోకాళ్ళకు చోటు విడువవలెను. అంచున మోచేతులు మోపి బరువు వేయువారున్నను పలక ఒరగరాదు, ఊగరాదు. ఇంటికప్పును మోయు స్తంభములు ఎక్కడ నిలువవలెనను ప్రశ్నయు, పలకను మోయు కాళ్ళు ఎక్కడ నిలువవలెనను ప్రశ్నయు ఒక్కటే. కావుననే ఈ బల్లల గుణదోషములు పైపలకనుబట్టి కంటె క్రింది పాదమునుబట్టి నిర్ణయించుట యుక్తము.

ప్రమాణములు

భోజనపు బల్ల యెత్తు సాధారణముగా 72 మొదలు 76 సెంటీమీటర్లు. కుర్చీ యెత్తు 45 సెంటీమీటర్లు. ఈ రెంటి నడుమ నుండు 27 మొదలు 31 సెంటీమీటర్ల అంతరమే భోజనసౌఖ్యమునకు మూలము: అది తగ్గినచో మోకాళ్ళు పలకను తగులును, పెరిగినచో భుజములెత్తి తినవలసివచ్చును. ఒక్కొక్కరికి అంచున 60 సెంటీమీటర్ల చోటు, ఎదురెదురుగా కూర్చున్నవారి నడుమ 90 సెంటీమీటర్లకు తక్కువ కాని వెడల్పు కావలెను. ఈ లెక్కను ఆరుగురికి చాలు దీర్ఘచతురస్రపు బల్ల 180 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు కలిగియుండును. నలుగురికి 120 సెంటీమీటర్ల వ్యాసము గల గుండ్రని బల్ల ధారాళముగా సరిపోవును.

మూలలయందు నాలుగు కాళ్ళున్న బల్ల స్థిరమైనది గాని, మూలవైపు కూర్చున్నవారికి కాలు అడ్డుపడును. నడుమ ఒకే స్తంభమున్న బల్ల చుట్టును ఎందరైనను సర్దుకొని కూర్చుండవచ్చును గాని, ఎవరైన అంచును పట్టుకొని బరువు వేసినచో తలక్రిందులగు ప్రమాదము కలదు. అందుచే దాని పాదము విశాలముగను బరువుగను ఉండవలెను. ఈ రెండు మార్గముల లోపములను నివారించుటకు చేయబడిన యత్నముల పరంపరయే ఆధునిక భోజనపు బల్ల చరిత్ర.

పూర్వచరిత్ర

తెలుగువారి భోజనము నేలమీదిది. పీటపై కూర్చుండి, ఎదుట విస్తరి గాని అరిటాకు గాని పరచుకొని, బంతిగా తినుట ఆచారము. వడ్డించువాడు నిలువబడియో వంగియో బంతికి ఎదురుగా నడచుచు వడ్డించును. ఈ బంతిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెనను నియమము కులవ్యవస్థకు పట్టుగొమ్మయై యుండుటచేతనే ఇరువదవ శతాబ్దపు సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనములను అస్పృశ్యతపై తమ పోరాటమునకు సాధనముగా చేసికొనిరి. కూర్చుండు తీరు సామాజికవిషయమనుటకు మన చరిత్రలో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము కానరాదు.

ఎత్తైన బల్లపై భుజించు పద్ధతి ఆంగ్లేయాధికారులతోను, సంస్థానాధీశులతోను ఈ దేశమున వ్యాపించెను. హైదరాబాదులోని ఫలక్‌నుమా సౌధమున 101 మంది ఒకేసారి కూర్చొనదగిన భోజనపు బల్ల కలదు. నవాబు వికారుల్ ఉమ్రా నిర్మింపజేసి, అనంతరము ఆరవ నిజాము స్వాధీనమునకు వచ్చిన ఈ సౌధము నిర్మాణము 1884లో ఆరంభమై సుమారు పదేండ్లు సాగినది. ఆ బల్లయొక్క పొడవు ఆతిథ్యమునకును అధికారమునకును గూడ చిహ్నము: అతిథులయొక్క స్థానమే వారి గౌరవమును తెలిపెడిది. ఇందుకు భిన్నమైన దృశ్యము తిరుమలలో కలదు. 2011లో ప్రారంభమైన మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున భక్తులు వరుసలుగా అమర్చిన బల్లలయెదుట కూర్చుండి అరిటాకులలో భుజింతురు. బంతియొక్క క్రమము, వడ్డన పద్ధతి మారక, కూర్చుండు ఎత్తుమాత్రము మారిన ఈ యేర్పాటు బల్లను మన భోజనసంప్రదాయమునకు లొంగదీసికొనుటకు మంచి యుదాహరణము.

ఆధునికవాద రూపములు

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చికాగో నగరమున 1909, 1910 సంవత్సరములలో నిర్మించిన రోబీ గృహమునకై తానే భోజనపు బల్లను గూడ రూపొందించెను. దాని నాలుగు మూలల నిలిచిన స్తంభములపై దీపము లమర్చబడినవి. చుట్టును ఎత్తైన వీపు గల కుర్చీలు నిలుపగా, కూర్చున్నవారికి విశాలమైన గదిలో మరియొక చిన్న గది ఏర్పడినట్లుండును. బల్ల ఇంటిలోనికి తెచ్చిపెట్టు వస్తువు గాక, ఇంటిలో ఒక భాగమనునది రైట్ అభిప్రాయము.

ఆ యభిప్రాయమును దాని తుదివరకు నడిపినవాడు జర్మనీ వాస్తుశిల్పి లుడ్విగ్ మీస్ వాన్ డెర్ రోహ్. నేటి చెక్ దేశపు బ్రనో నగరమున 1930లో పూర్తియైన టుగెన్‌ధాట్ గృహములో ఆయన నిలిపిన గుండ్రని భోజనపు బల్లకు ఒకే కాలు. ఆ గృహపు పైకప్పును మోయునవి అడ్డుకోతలో కూడికగుర్తు ఆకారము గల ఉక్కు స్తంభములు, వానిపై క్రోమియపు రేకు తొడుగు. బల్లకాలును అదే యాకారమున, అదే మెరుపుతో చేయబడి, నేలలోనికి దిగగొట్టబడినది. బల్ల నేలకు బిగింపబడుటచే ఒరగుట యను ప్రశ్నయే పుట్టదు. అతిథులు పెరిగినపుడు చుట్టును అదనపు పలకలు చేర్చి 24 మంది వరకు కూర్చుండునట్లు దానిని విస్తరింపవచ్చును. ఇల్లు నిలిచిన తీరుననే బల్లయు నిలిచినది. వాస్తుశిల్పి చేసిన బల్లకు ఇంతకు మించిన లక్షణము చెప్పుట కష్టము. ఈ గృహము 2001లో యునెస్కో ప్రపంచవారసత్వ పట్టికలో చేరినది.

ఫ్రాన్సున లె కార్బూజియే, పియెర్ జాన్నరె, షార్లెట్ పెరియాన్ అను మువ్వురు 1928లో రూపొందించి, మరుసటి యేట పారిస్ శరత్కాల ప్రదర్శనమున నిలిపిన బల్లలో విమానముల నిర్మాణమున వాడు అండాకారపు ఉక్కుగొట్టములు ఆధారముగా గ్రహింపబడినవి. గాజుపలక ఆ చట్రమును నేరుగా తాకక, చిన్న చిన్న మొలలపై కొంచెము ఎడముగా తేలియుండును. మోయునది వేరు, మోయబడునది వేరు అను సత్యమును ఆ ఎడము చెప్పుచున్నది. ఫిన్లాండున అల్వార్ ఆల్టో లోహమును విడిచి తన దేశపు బర్చికొయ్యనే నమ్మెను. కాలిపుల్ల చివరను పొడవునా సన్నని చీలికలుగా కోసి, ఆ చీలికలలో జిగురు పూసిన పలుచని పొరలను చొప్పించి, తడితోను వేడితోను లంబకోణముగా వంచి, పలకకు అడుగున నేరుగా బిగించు విధానమును ఆయన 1930ల ఆరంభమున కనిపెట్టెను. దీనిచే కాళ్ళను కలుపు అడ్డుపట్టీలు అవసరము లేకపోయెను, మోకాళ్ళకు చోటును దొరకెను. ఈ సామాను తయారీకి 1935లో ఆర్టెక్ అను సంస్థ స్థాపింపబడెను.

ఫిన్లాండున జన్మించి అమెరికాలో స్థిరపడిన ఈరో సారినెన్ 1950ల ఉత్తరార్ధమున నోల్ సంస్థకు రూపొందించిన ఏకస్తంభపు బల్ల మిక్కిలి ప్రసిద్ధము. భోజనశాలలలో కుర్చీల కాళ్ళు, బల్లల కాళ్ళు కలిసి కావించు గజిబిజిని ఆయన సహింపలేకపోయెను. అందుచే నేలనుండి పలుచని కాండముగా లేచి, పైన మరల విచ్చుకొను ఒకే ఆధారమును ఆయన తీర్చెను. బల్లయంతయు ఒకే పదార్థముతో పోతపోయవలెనని ఆయన ఆశించినను, ఆనాటి ప్లాస్టిక్కు ఆ భారము నోర్వలేనందున పోత అల్యూమినియపు పాదమునకు తెల్లని పూత పూసి, పైన చలువరాతినో లామినేటునో పరచిరి. గుండ్రని లేక దీర్ఘవృత్తపు ఈ పలకకు మూలలు లేవు. గుండ్రని దానియెదుట మొదటి స్థానము, చివరి స్థానము అను భేదమునకును తావు లేదు. ఇటలీయుడు కార్లో స్కార్పా 1968లో చేసిన డోజే బల్లయందు గాజుపలకను మోయు ఉక్కు దూలములు, వాని అతుకులు వంతెన నిర్మాణమును బోలి బాహాటముగా కనబడుచుండును.

గోల్కొండ భవనము, జార్జ్ నకషిమా

ఈ చరిత్రలో తెలుగుదేశపు సంబంధము గల అధ్యాయము పుదుచ్చేరిలో నడచినది. శ్రీ అరవిందాశ్రమ సాధకుల నివాసమునకై నిర్మింపబడిన భవనమునకు గోల్కొండ యని పేరు. హైదరాబాదు సంస్థాన మంత్రి సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము ప్రభుత్వమునుండి లక్ష రూపాయల విరాళము లభించుటయే ఆ పేరునకు హేతువు. టోక్యోలో కార్యాలయము నడపుచున్న చెక్ సంతతివాడు ఆంటొనిన్ రేమండ్ దాని ప్రధానశిల్పి. నిర్మాణస్థలమున ఉండి పని నడిపినవారు జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్. 1937లో మొదలై 1940లలో పూర్తియైన ఈ భవనము భారతదేశమున ఉక్కుకడ్డీల కాంక్రీటుతో వెలసిన తొలి ఆధునికవాద కట్టడములలో అగ్రగణ్యము. గోడలకు బదులు ఆరుబయటి గాలిని వడగట్టు అడ్డుపలకల వరుసలు, గదులకు జరుపుడు టేకు తలుపులు, భక్తులిచ్చిన ఇత్తడి పాత్రలను కరిగించి పోసిన గడియలు: ఇట్లు ఎండను, ఉక్కను, దేశమున దొరకు వస్తువులను లెక్కలోనికి తీసికొని దానిని కట్టిరి.

నకషిమా 1905లో అమెరికాలోని స్పోకేన్ నగరమున జపాను దంపతులకు జన్మించి, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో వాస్తుశాస్త్రము నభ్యసించినవాడు. పుదుచ్చేరిలో పని చేయుచు ఆయన వేతనము నిరాకరించి ఆశ్రమవాసియై, సుందరానంద యను నామమును పొందెను. గోల్కొండ గదులకు టేకుతో సామానును రూపొందించుచుండగా ఆయన చూపు కట్టడమునుండి కొయ్యవైపు మరలినది. 1939లో ఆయన భారతదేశమును విడిచెను. యుద్ధకాలమున 1942లో పశ్చిమతీరపు జపాను సంతతివారిని నిర్బంధించిన అమెరికా ప్రభుత్వము ఆయన కుటుంబమును ఐడహో రాష్ట్రపు మినిడోకా శిబిరమునకు పంపగా, అచ్చట జపాను సంప్రదాయమున ఆరితేరిన ఒక వడ్రంగి చెంత ఆయన చేతిపనిని నేర్చెను. 1943లో రేమండ్ పూచీపై విడుదలై పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ గ్రామమున స్థిరపడి, 1990లో మరణించువరకు కొయ్యపనియే వృత్తిగా జీవించెను.

ఆయన భోజనపు బల్లలు ఒకే దుంగనుండి కోసిన ఒకటి రెండు వెడల్పు పలకలతో నుండును. చెట్టుయొక్క సహజమైన అంచును చెక్కి సరిచేయక విడుచుట ఆయన పద్ధతి. పలకలో నెరియ యున్నచో దానిని దాచిపెట్టడు. ఆ నెరియకు అడ్డముగా, నడుమ సన్నమై ఇరుప్రక్కల వెడల్పైన, సీతాకోకచిలుక రెక్కలవంటి గట్టికొయ్య బిళ్ళను పొదిగించి, చీలిక మరింత సాగకుండ నిలుపును. బిళ్ళ అంచులు రెండువైపుల వాలుగా నుండుటచే చీలిక విచ్చుకొన జూచినపుడెల్ల అవి మరింత బిగుసుకొనును, మేకులేదు, మరలేదు. అడుగుభాగమున తెరచాటు లేని కాళ్ళు, అడ్డుదూలము ఏ భారమును ఎచ్చట మోయుచున్నవో తెలియునట్లుండును. 1964లో ఆయన అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థకు వచ్చి అచ్చటి వడ్రంగులతో కూడి కొయ్యసామాను రూపొందించెను. గోల్కొండలో ఆరంభమైన భారతదేశ సంబంధము ఇట్లు మరల ఫలించినది.

చండీగఢ్ సామాను

లె కార్బూజియే బంధువును సహచరుడునైన పియెర్ జాన్నరె చండీగఢ్ నగరనిర్మాణమునకై 1951లో వచ్చి 1965 వరకు ఇచ్చటనే నిలిచెను. కార్యాలయములకు, కళాశాలలకు, వసతిగృహములకు కావలసిన వేలకొలది బల్లలు, కుర్చీలు టేకుతోను, సిసూకొయ్యతోను స్థానిక వడ్రంగులచే చేయింపబడెను. తలక్రిందైన ఆంగ్ల వి యక్షరమువలె రెండు పుల్లలు కలిసిన కాళ్ళు వీని ప్రధానచిహ్నము. ఆ కూర్పు త్రికోణమై యుండుటచే ఊగుట తగ్గును, సామాన్యమైన పనివాడును దానిని సులభముగా చేయగలడు. కాలక్రమమున పాతసామానని వేలమువేయబడిన ఈ వస్తువులు విదేశములలో మిక్కిలి వెలకు అమ్ముడుపోవుట గమనించి, 2011లో కేంద్ర హోంమంత్రిత్వశాఖ వాని విక్రయమును, ఎగుమతిని కట్టడిచేయుచు ఆదేశము వెలువరించెను.

గుర్తింపు, సంరక్షణ

పాతబల్ల ప్రామాణ్యమును పరీక్షించువారు ముందుగా దానిని బోర్లించి చూతురు. నకషిమా బల్లలయందు పలక అడుగున కొనుగోలుదారుని పేరు చేవ్రాతగా కానవచ్చును. చండీగఢ్ సామానుపై ఏ శాఖకు చెందినదో తెలుపు అక్షరములు, అంకెలు రంగుతో వ్రాయబడియుండును. ఉత్పత్తిచేసిన సంస్థయొక్క ముద్ర లేక చీటి, అతుకుల తీరు, కొయ్య రంగు ఎండకు మారిన విధము మరికొన్ని యాధారములు. అన్నిటిని సమముగా మెరుగుపెట్టి క్రొత్తదానివలె చేసినచో ఈ సాక్ష్యములు నశించును గాన, దుమ్ము తుడిచి, అవసరమైనచో మూలపదార్థమునకు తగిన నూనె పూయుట మేలు.

కొయ్య పొడవున దాదాపు మారదు. అడ్డమున మాత్రము తేమకు పెరిగి, ఎండకు తరుగును. పలకను చట్రమునకు కదలకుండ మేకులతో బిగించినచో ఈ పెరుగుదలకు చోటు లేక అది నెరియలు విచ్చును. అందుచే మంచి వడ్రంగి మరబెజ్జమును గుండ్రముగా గాక కోలగా తొలిచి, మర అటునిటు జరుగుటకు ఎడమిచ్చును. కాలికిని పట్టీకిని గల అతుకులో కుసి బెజ్జమున బిగువుగా దిగవలెను. మర, జిగురు దానికి సహాయములే గాని బదులు కావు.

ఏర్పేడు ప్రాంతము

ఇంతవరకు చెప్పిన విచారణను తెలుగునాట ఒక ప్రాంతమునకు అన్వయించి చూడవచ్చును. తిరుపతి, శ్రీకాళహస్తుల నడుమ, రేణిగుంట నుండి గూడూరు పోవు రైలుమార్గముపై నున్న ఏర్పేడు నేటి తిరుపతి జిల్లాలో మండలకేంద్రము. 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిది. 2015లో ప్రారంభమైన తిరుపతి ఐఐటీ, ఐసర్ సంస్థల శాశ్వతప్రాంగణములు ఈ మండలముననే వెలసినవి. ఈ మండలమునకే చెందిన మాధవమాల గ్రామము దేవతామూర్తులను కొయ్యలో చెక్కు శిల్పులకు ప్రసిద్ధి. ఆ శిల్పి ఎదుట నిలుచున్న కొయ్యమొద్దునందు చేవ యెక్కడ, తెల్లచెక్క యెక్కడ, పొర యెటు తిరిగినదో బాడిసదెబ్బకు పలికిన ధ్వనినిబట్టియు, ఉలికి లేచిన పెళ్ళనుబట్టియు గ్రహించును. పుస్తకములవలన అలవడని ఈ జ్ఞానమునే నకషిమా నిర్బంధశిబిరములో ఒక వడ్రంగి చెంత నేర్చుకొనవలసివచ్చెను.

చుట్టునున్న శేషాచలపు అడవులలో పెరుగు ఎర్రచందనము నీట మునుగునంత బరువైనది, మిక్కిలి చేవగలది. అయినను అది దక్షిణ తూర్పుకనుమలలో మాత్రమే సహజముగా పెరుగు అరుదైన వృక్షము, చట్టముచే రక్షింపబడినది, 1995 నుండి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణకును లోబడినది. దానిని బల్లలకు కోరుట తగదు. ఈ ప్రాంతపు ఇండ్లకు టేకు, వేప, వేగిస, మామిడి చాలును. మే మాసపు ఎండకును, అక్టోబరు నుండి పడు ఈశాన్యపు వానలకును నడుమ ఇచ్చటి గాలిలోని తేమ మిక్కిలి మారును గనుక, కోలబెజ్జము, పలకల నడుమ ఎడము అను నియమములు శీతలదేశములకంటె ఇచ్చటనే ముఖ్యములు.

మన భోజనమునకు అనువైన బల్లకు కొలతలును మన భోజనమునుబట్టియే నిర్ణయింపవలెను. అరిటాకు పరచి, చేతితో కలుపుకొని తినువారికి 60 సెంటీమీటర్ల చోటు ఇరుకగును. కూర, పప్పు, పులుసు, పెరుగు వరుసగా వడ్డించువారు కూర్చున్నవారి వెనుకనుండి గాక ఎదుటినుండి రావలసియుండుటచే బల్లకు ఒక ప్రక్క ఖాళీగా విడువవలెను. పసుపు, చింతపండు, నూనె అంటుచుండుటచే పైపలకకు తుడుచుటకు వీలైన పూత కావలెను. రైట్, మీస్, ఆల్టోలు తమ దేశపు కొయ్యను, లోహమును, భోజనపు తీరును ముందుంచుకొని బల్లలను గీసిరి. వారి రూపములను అనుకరించినందున గాక, వారి విచారణను అనుసరించినపుడే వారికి మనము శిష్యులము కాగలము. సాంకేతికవిద్యాసంస్థల ఇంజనీర్లును, మాధవమాల శిల్పులును ఒకే మండలమున నివసించుచున్న ఈ చోట అట్టి విచారణకు కావలసిన గణితమును, హస్తనైపుణ్యమును రెండును సిద్ధముగా ఉన్నవి. మూర్తులు చెక్కు చేతులకు నిత్యోపయోగమైన బల్లలు, పీటలు గూడ పనిగా దొరకినచో ఆ శిల్పము బొమ్మల అంగడికే పరిమితము గాక, ఇంటింటి భోజనశాలలోను నిలువగలదు.